‘మీదే ఊరు?’ అని అడిగితే

మన స్కూల్లో ఎవరైనా కొత్తగా చేరితే మొదట పేరు అడుగుతాం. రెండో ప్రశ్న "మీదే ఊరు?" ఈ ప్రశ్నకు కొందరి దగ్గర ఒక్క మాటలో సమాధానం ఉంటుంది. నా దగ్గర లేదు. మీలో చాలామంది దగ్గర కూడా లేదని నాకు తెలుసు.

నేను భోపాల్‌లో పుట్టాను. ఒకటో తరగతిలో నాగపూర్‌లో చేరాను. నాలుగు నుంచి ఆరు దాకా విశాఖపట్నం. ఏడు, ఎనిమిది కోల్‌కతా. తొమ్మిదో తరగతికి ఓడెక్కి ఈ దీవులకు వచ్చాం. అమ్మమ్మ వాళ్లది శ్రీకాకుళం దగ్గర ఒక పల్లెటూరు. సెలవులకు అక్కడికి వెళితే "అండమాన్ పిల్ల వచ్చింది" అంటారు. ఇక్కడ జంగ్లీఘాట్ బజారులో కూరగాయలమ్మే పిన్ని నా మాట వినగానే "మీది ఆంధ్రాలో ఎక్కడమ్మా?" అంటుంది. అక్కడ నేను అండమాన్ పిల్లని, ఇక్కడ ఆంధ్రా పిల్లని.

ఈ మధ్య ఈ ప్రశ్న మా ఇంట్లో పెద్ద చర్చ అయింది. నాన్న వాతావరణ శాఖలో పని చేస్తారు. ఇక్కడ ఆయన గడువు ఈ విద్యా సంవత్సరంతో అయిపోతుంది. తర్వాత ఎక్కడికి వేస్తారో ఇంకా తెలియదు. నాది పదో తరగతి. మా పెద్దనాన్న ప్రతి ఆదివారం ఫోన్ చేసి ఒకటే మాట అంటారు. "పిల్లని ఇంకా ఎన్ని ఊళ్లు తిప్పుతావురా? టెన్త్ అవగానే విజయవాడలో హాస్టల్లో వేసెయ్. ఒక్కచోట కుదురుగా ఉంటేనే చదువు వస్తుంది." మామయ్యదీ అదే మాట. అమ్మమ్మ మాత్రం నవ్వుతూ "తిరిగే కాలు, తిట్టే నోరు ఊరుకోవు" అని ఒక సామెత పడేసి ఊరుకుంటుంది. నాన్న నన్ను పిలిచి, "పరీక్షలయ్యాక నిర్ణయిద్దాం. ఈలోగా నువ్వేమనుకుంటున్నావో ఆలోచించి చెప్పు" అన్నారు.

ఆలోచించాను. తెలుగు విభాగానికి వ్యాసం రాయమని టీచర్ అడిగినప్పుడు ఆ ఆలోచననే ఇక్కడ రాస్తున్నాను. ఎందుకంటే ఇది నా ఒక్కదాని సమస్య కాదు. బదిలీ ఉద్యోగుల పిల్లలందరి ఇళ్లలోనూ ఏదో ఒక ఏడాది ఈ చర్చ జరుగుతుంది.

నాకు ముందుగా గుర్తొచ్చింది బండ్ల శిరీష.

2021 జూలై 11. అప్పుడు నేను విశాఖలో ఆరో తరగతి. కరోనా వల్ల క్లాసులన్నీ ఫోన్లోనే. ఆ రోజు రాత్రి అమ్మ నన్ను పిలిచి టీవీ ముందు కూర్చోబెట్టింది. ఏ తెలుగు ఛానల్ పెట్టినా ఒకటే వార్త. అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రం నుంచి వర్జిన్ గెలాక్టిక్ అనే సంస్థ వ్యోమనౌక ‘యూనిటీ’ పైకి వెళ్లింది. అందులో ఆ సంస్థ వ్యవస్థాపకుడు రిచర్డ్ బ్రాన్సన్‌తో పాటు మన తెలుగమ్మాయి ఉంది! ఒక పెద్ద విమానం ఆ నౌకను మోసుకుని పైకి తీసుకెళ్లి వదిలింది. అక్కడి నుంచి రాకెట్ ఇంజన్ మండించి అది సుమారు 86 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లింది. లోపలున్న వాళ్లు కొన్ని నిమిషాలు బరువు లేకుండా తేలారు. కల్పనా చావ్లా తర్వాత అంతరిక్షాన్ని చూసిన, భారతదేశంలో పుట్టిన రెండో మహిళ శిరీష.

అంతరిక్షం 100 కిలోమీటర్ల దగ్గర మొదలవుతుందని కొందరంటారు. అమెరికా వాళ్ల లెక్కలో 80 కిలోమీటర్లు దాటితే చాలు. ఈ తేడా మీద క్విజ్ క్లబ్బులో ఇప్పటికీ వాదించుకుంటాం. మా నాన్న ఆఫీసులో తెల్లవారుజామున వదిలే గాలిబుడగ 30 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లి పగిలిపోతుంది. ఆమె దానికి దాదాపు మూడింతల ఎత్తుకు వెళ్లింది. నాకది చాలు.

ఆ వారమంతా ఒక విచిత్రం చూశాను. శిరీషది ఏ ఊరు అన్నది ఎవరికి నచ్చినట్టు వాళ్లు చెప్పుకున్నారు. ఒకరు చీరాల అన్నారు. ఒకరు తెనాలి అన్నారు. తాతగారు ఉండేది గుంటూరు కాబట్టి గుంటూరు అమ్మాయి అన్నారు ఇంకొకరు. పెరిగింది హ్యూస్టన్‌లో కనుక అమెరికా వాళ్లకు ఆమె అక్కడి అమ్మాయి. అప్పుడు నవ్వుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే అనిపిస్తోంది: పైకి వెళ్లేదాకా ఊరు లేని పిల్లని ఎవరూ పట్టించుకోరు. వెళ్లాక నాలుగు ఊళ్లు మాదంటే మాదని ముందుకొస్తాయి.

మనకు పాఠంలో రాని ఆమె బాల్యం గురించి నేను చదివినంత చెబుతాను. శిరీష 1988లో పుట్టారు. తల్లిదండ్రులు అమెరికాలో ఉన్నప్పుడు చిన్న వయసులో ఆమె తాతయ్య, అమ్మమ్మ, నానమ్మల మధ్య పెరిగారు. గుంటూరులో ఉన్న తాతగారు వ్యవసాయ శాస్త్రవేత్త. మనవరాలికి చిన్నప్పటి నుంచీ ఆకాశం, చందమామ, నక్షత్రాలంటే మహా ఇష్టమని ఆయన విలేఖరులకు చెప్పారు. నాలుగైదేళ్ల వయసులో ఆమె అమెరికా ప్రయాణమయ్యారు. అమ్మానాన్నలు పక్కన లేరు. ఇంట్లో వాళ్లకు తెలిసిన ఒకరు వెంట వెళ్లారు కానీ ఆ పాపకు మాత్రం వాళ్లు కొత్తవాళ్లే. అయినా ఏడవకుండా హుషారుగా వెళ్లిందని తాతగారే చెప్పారు. మనలో ఎంతమందిమి అలా ఓడెక్కి ఉంటాం? నేనైతే హ్యాడో రేవులో ఓడ దిగేటప్పుడు కూడా అమ్మ కొంగు వదల్లేదు, అప్పటికి నాకు పదమూడేళ్లు!

హ్యూస్టన్‌లో నాసా వారి జాన్సన్ అంతరిక్ష కేంద్రం ఉంది. వ్యోమగాములకు శిక్షణ ఇచ్చేది అక్కడే. ఆ ఊళ్లో పెరిగిన పిల్లకు వ్యోమగామి కావాలని అనిపించడంలో ఆశ్చర్యం లేదు. ఆశ్చర్యం ఆ తర్వాత జరిగింది. హైస్కూల్లో ఉండగా ఆమెకు కంటిచూపు సరిపోదని తెలిసింది. ఆ రోజుల్లో నాసా నిబంధనలు చూపు విషయంలో చాలా కఠినంగా ఉండేవి. అంటే కల మొత్తం అక్కడే ఆగిపోవాలి.

ఇది చదివినప్పుడు నేను కళ్లజోడు తీసి తుడుచుకున్నాను. ఏడో తరగతిలో స్కూలు వైద్య పరీక్షలో నాకు దూరపు చూపు తక్కువని తేలింది. "అయితే పైలట్ అవ్వలేవు" అని క్లాసులో ఒకరన్నారు. ఆ రోజు నుంచి ఆ మాటే ఎత్తడం మానేశాను. శిరీష మానలేదు. పర్డ్యూ విశ్వవిద్యాలయంలో చేరి విమాన, అంతరిక్ష ఇంజనీరింగ్ చదివారు. చంద్రుడి మీద మొదట కాలు పెట్టిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ చదివింది కూడా అక్కడే. ఆమె హైస్కూల్లో ఉన్న రోజుల్లోనే, 2004లో, ‘స్పేస్‌షిప్‌వన్’ అనే చిన్న నౌక ప్రభుత్వం డబ్బుతో కాకుండా ప్రైవేటు ఖర్చుతో అంతరిక్షానికి వెళ్లి వచ్చింది. అంటే నాసా గుమ్మం ఒక్కటే దారి కాదని ప్రపంచానికి తెలిసింది. 2011లో ఆమె డిగ్రీ పూర్తయింది. తర్వాత టెక్సాస్‌లో ఇంజనీరుగా ఉద్యోగం. ఆ తర్వాత ప్రైవేటు అంతరిక్ష సంస్థల సమాఖ్యలో పని. 2015లో జార్జ్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఎం.బి.ఎ. అదే ఏడాది వర్జిన్ గెలాక్టిక్‌లో చేరారు. ఆరేళ్లలో ఆ సంస్థలో ఉపాధ్యక్షురాలై, చివరికి నౌకలో సీటు సంపాదించారు.

ఆ సీటు ఊరికే కూర్చుని కిటికీలోంచి చూడటానికి కాదు. ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వాళ్ల మొక్కల ప్రయోగం ఆమె చేతిలో ఉంది. గురుత్వాకర్షణ మారుతున్నప్పుడు మొక్కలో ఏం మార్పు వస్తుందో తెలుసుకోవడానికి, సరిగ్గా ఆ క్షణాల్లో గొట్టాల్లోని ద్రవాన్ని మొక్కల మీదికి వదలాలి. వ్యవసాయ శాస్త్రవేత్త మనవరాలు పైకి వెళ్లి చేసిన పని మొక్కల మీదే కావడం నాకు బాగా నచ్చింది.

ఇప్పుడు మా పెద్దనాన్న మాట దగ్గరికి వస్తాను. "ఒక్కచోట కుదురుగా ఉంటేనే చదువు వస్తుంది." శిరీష జీవితం చూస్తే ఈ మాట నిజం కాదనిపిస్తుంది. పసితనంలోనే ఊరు మారింది, దేశం మారింది, బడిలో వినబడే భాష మారింది. చదువు ఆగలేదు.

కానీ నేను నా వాదనకు అనుకూలంగా ఉన్నవే చెబితే అది న్యాయం కాదు. మామయ్య ఫోన్లో ఈ మాట వినగానే ఎదురు ప్రశ్న వేశాడు. "ఆ అమ్మాయి వెళ్లింది హ్యూస్టన్‌కి. మీరెళ్లింది దీవికి. రెండూ ఒకటేనా?" ఒకటి కాదు. ఒప్పుకుంటాను. ఇక్కడ వర్షాకాలంలో సముద్రం పోటెత్తితే ఓడలు ఆగిపోతాయి, వాటితోపాటు మనం తెప్పించుకున్న పుస్తకాలూ ఆగిపోతాయి. పెద్ద కోచింగ్ సెంటర్లు లేవు. పెద్ద ప్లానిటోరియం చూడాలంటే సముద్రం దాటాలి. మంచి స్నేహితురాలు దొరికిందనుకునేసరికి వాళ్ల నాన్నకు ఆర్డర్ వస్తుంది. కోల్‌కతాలో నా పక్కన కూర్చున్న అమ్మాయి ఇప్పుడు జోధ్‌పూర్‌లో ఉంది. మొదట్లో వారానికోసారి మాట్లాడుకునేవాళ్లం, ఇప్పుడు పుట్టినరోజులకు మాత్రమే. బదిలీలో పోయేవి ఉన్నాయి. అవి పోలేదని పెద్దలు అంటే నాకు కోపం వస్తుంది.

ఇంకొక నిజం కూడా ఉంది. కల్పనా చావ్లా మనలా తిరగలేదు. హర్యానాలోని కర్నాల్‌లో పుట్టి, అక్కడే టాగూర్ బాలనికేతన్‌లో స్కూలు చదువు పూర్తి చేశారు. తర్వాతే చండీగఢ్ వెళ్లి పంజాబ్ ఇంజనీరింగ్ కాలేజీలో విమాన ఇంజనీరింగ్ చదివి 1982లో పట్టా తీసుకున్నారు. ఆ తర్వాత అమెరికాలో టెక్సాస్, కొలరాడో, 1988లో డాక్టరేట్, 1997లో మొదటి అంతరిక్ష యాత్ర. కాబట్టి తిరిగితేనే గొప్పవాళ్లవుతారని నేను అనను. ఒక ఊళ్లో కుదురుగా పెరిగిన పిల్లా వెళ్లింది, ఊళ్లు మారిన పిల్లా వెళ్లింది. ఊరు మారడం, మారకపోవడం లెక్కలోకి రాలేదు.

మరి లెక్కలోకి వచ్చిందేమిటి? ఇద్దరి ఇళ్లలోనూ "ఆడపిల్లకి ఆకాశం ఎందుకు?" అన్న మాట గెలవలేదు. దారి మూసుకుపోయినప్పుడు ఇద్దరూ పక్క దారి ఎక్కడుందని అడిగారు. ఈ రెండూ ఏ ఊళ్లోనైనా ఉండొచ్చు, ఏ ఊళ్లోనైనా లేకపోవచ్చు. ఇవి అట్టపెట్టెల్లో సర్ది లారీలో వేసే సామాను కాదు. ఇంట్లో వాళ్లతో పాటు ప్రయాణం చేస్తాయి. అందుకే నన్ను ఇంటి నుంచి వేరు చేసి ఒక ఊళ్లో ‘కుదురుగా’ ఉంచడం కన్నా, ఇంటితో పాటు ఊరు మారడమే నాకు కుదురనిపిస్తుంది.

మా పెదనాన్నగారి అబ్బాయి విజయవాడలో హాస్టల్లోనే ఉండి చదివాడు. బాగా చదివాడు, మంచి ర్యాంకు వచ్చింది. అన్నయ్యకు అది సరిపోయింది. కానీ సెలవులకు వచ్చినప్పుడు ఒకసారి అడిగాను, "అక్కడ రాత్రి నక్షత్రాలు కనిపిస్తాయా?" అని. "ఎప్పుడూ చూడలేదే. స్టడీ అవర్ అయ్యేసరికి నిద్రొచ్చేసేది" అన్నాడు. అందులో తప్పేం లేదు. నాకు మాత్రం అది సరిపోదు.

ఇక్కడ నేను చూస్తున్నాను. మా క్వార్టర్స్ మేడ మీద కరెంటు పోయిన రాత్రి ఆకాశం ఎలా ఉంటుందో కోల్‌కతాలో ఉన్నన్నాళ్లూ నాకు తెలియదు. ఈ దీవికీ అంతరిక్షానికీ సంబంధం లేదనుకునే వాళ్లకు ఒక సంగతి. శ్రీహరికోట నుంచి తూర్పు దిశగా లేచే రాకెట్ బంగాళాఖాతం దాటుతూ వస్తుంటే దాని సంకేతాలు పట్టుకోవడానికి ఇస్రో వాళ్ల కేంద్రం ఒకటి మన ఊళ్లోనే ఉంది. శ్రీహరికోటకూ మనకూ మధ్య 1,300 కిలోమీటర్లకు పైగా సముద్రం. ఆంధ్రాలో బయలుదేరిన రాకెట్ క్షేమంగా వెళుతోందా లేదా అని చెవి పెట్టి వినేది ఈ దీవి. అమ్మమ్మకు ఇది చెబితే, "అయితే అది కూడా మీలాగే ఆంధ్రా నుంచి అండమాన్ వస్తోందన్నమాట" అంది.

మన బడి సంగతి కూడా చెప్పాలి. నాలుగు ఊళ్లు మారినా నా సైన్స్ పుస్తకం మారలేదు. ఉదయం ప్రార్థన మారలేదు. యూనిఫాం మారలేదు. నాగపూర్‌లో ఆగిన పాఠం విశాఖలో అదే పేజీ నుంచి మొదలైంది. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. ఇల్లే ఊరూరా తిరుగుతుంటే ఏ ఇంట గెలవాలి అని ఒకప్పుడు అనుకునేదాన్ని. ఇప్పుడు మన బడి కూడా మనతో వచ్చే ఇల్లే అనిపిస్తోంది. ఇలాంటి సౌకర్యం చిన్న శిరీషకు లేదు. ఆమె పూర్తిగా కొత్త బడిలో, కొత్త భాషలో మొదలుపెట్టింది.

మనతో రానిది ఒకటే: తెలుగు. మన క్లాసులో హిందీ ఉంది, ఇంగ్లిష్ ఉంది, సంస్కృతం ఉంది. తెలుగు అక్షరాలు నాకు అమ్మ నేర్పింది, అదీ వేసవి సెలవుల్లో, పాత క్యాలెండర్ వెనక. ఒత్తులు ఇప్పటికీ తడబడతాయి. ఈ వ్యాసం రాయడానికి నాకు మూడు వారాలు పట్టింది, అమ్మ ఎర్ర పెన్నుతో రెండుసార్లు దిద్దింది. ఈ పత్రికలో తెలుగుకు కేటాయించిన ఈ నాలుగు పేజీలే మనకున్న తెలుగు బడి. వాటిని నింపడం మన పని. ప్రతిసారీ ఇద్దరు ముగ్గురే రాస్తే వచ్చే ఏడాది ఈ పేజీలు ఉండకపోవచ్చు.

వెళ్లిపోయినా తెంచుకోకుండా ఉండటం ఎలాగో కల్పనా చావ్లా చూపించారు. ఆమె నాసాకు వెళ్లాక తన కర్నాల్ స్కూలు నుంచి ఏటా ఇద్దరు విద్యార్థులకు నాసా వేసవి కార్యక్రమానికి వచ్చే అవకాశం కల్పించారు. మనం నాసాకు పిలవలేం. కానీ ఈ దీవుల నుంచి వెళ్లిపోయాక ఇక్కడి జూనియర్‌కి ఒక పుస్తకం పంపగలం, ఒక ఉత్తరం రాయగలం.

నాన్న అడిగిన ప్రశ్నకు ఇదీ నా సమాధానం. నన్ను హాస్టల్లో వేయొద్దు. ఆర్డర్ ఎక్కడికొస్తే అక్కడికి నేనూ వస్తాను. అక్కడి మన స్కూల్లోనే పదకొండులో సైన్స్ తీసుకుంటాను. ఒకవేళ అక్కడ కోచింగ్ లేకపోతే నేను ఇంకొంచెం ఎక్కువ కష్టపడాలి, ర్యాంకు కొంచెం తగ్గొచ్చు కూడా. అది తెలిసే చెబుతున్నాను. పెద్దనాన్నకు కోపం వస్తుందని కూడా తెలుసు. ఆయన నా మంచి కోరే అంటున్నారు, అందుకే ఈ పత్రిక అచ్చయ్యాక ఒక కాపీ ఆయనకే మొదట పంపుతాను.

మీలో ఇంటి నుంచి వేరుగా ఉండి చదవాలనుకునే వాళ్లు అలాగే చదవండి. కానీ ఆ నిర్ణయం "ఊళ్లు తిరిగితే చదువు పాడవుతుంది" అన్న భయంతో మాత్రం తీసుకోకండి. ఆ భయం నిజం కాదు.

చివరగా ఒక చిన్న కోరిక. వచ్చే ఏప్రిల్‌లో మన క్లాసుల్లోకి కొత్తవాళ్లు వస్తారు. టీసీ చేతిలో పట్టుకుని, ఎక్కడ కూర్చోవాలో తెలియక గుమ్మం దగ్గర నిలబడతారు. అప్పటికి నేనూ వేరే ఊళ్లో అలాగే నిలబడి ఉంటాను. వాళ్లను "మీదే ఊరు?" అని అడగకండి. "ఇక్కడికి రాకముందు ఎక్కడెక్కడ ఉన్నావు?" అని అడగండి. ఆ ప్రశ్నకు మనలాంటి వాళ్ల దగ్గర బోలెడంత సమాధానం ఉంటుంది. లంచ్ బెల్ కొట్టేదాకా చెబుతూనే ఉంటాం.

— పదో తరగతి విద్యార్థిని